మోచేతికి అంగుళం దూరంలో

వర్చువల్ రియాలిటీ గురించి రాసేవాళ్ళంతా యంత్రం గురించే రాస్తారు. తెర ఎంత స్పష్టంగా ఉంది, బరువెంత, ధరెంత అని. ఈ వారం నేను ఆ యంత్రాన్ని మన తలకి తొడిగే పిల్లల గురించి రాస్తాను. మాల్‌లో పై అంతస్తున, గేమ్ జోన్ చివర, నల్ల టీషర్టులు వేసుకుని నిలబడి ఉంటారే, వాళ్ళు. తాము చేసేది ఒక పనితనమని వాళ్ళకే తెలియదేమో.

హైదరాబాద్‌లో అలాంటి చోట మా ఆవిడ ఓ ఆట ఆడింది. ఆకాశాన్నంటే భవనం పైనుంచి బయటికి పొడుచుకొచ్చిన చెక్క మీద చివరిదాకా నడిచి రావాలి. అంతే ఆట. నేల మీద నిజంగానే ఓ చెక్క పరిచారు, రెండంగుళాల మందం ఉంటుంది. అక్కడున్న అమ్మాయి మొదట అడిగింది టికెట్ కాదు. "ఆంటీ, టిఫిన్ చేశారా? చేసి ఎంతసేపయింది?" కడుపు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా తిప్పుతుందట. మొహానికి పల్చటి కాగితం మాస్కు పెట్టింది. పట్టీ కింద ఇరుక్కోకుండా జడ ముందుకు వేయించింది. కళ్ళజోడు తియ్యబోతే తియ్యనివ్వలేదు. హెడ్‌సెట్‌ని ముందు కళ్ళజోడు మీదకి ఆనించి, ఆ తర్వాతే పట్టీ వెనక్కి లాగి, "అక్షరాలు మసగ్గా ఉన్నాయా?" అంటూ రవ్వంత పైకీ, రవ్వంత కిందకీ జరిపింది. ఇదంతా మనం చెప్పుల పట్టీ పెట్టుకునేంతలో అయిపోయింది.

మూడడుగులు వేసి మా ఆవిడ ఆగిపోయింది. మోకాళ్ళు వణుకుతున్నాయి. నేను నవ్వుతున్నాను. ఐస్‌క్రీమ్ తింటూ నిలబడ్డ ఎవరిదో కుటుంబం కూడా నవ్వుతోంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. తన అరచేతిని మా ఆవిడ మోచేతికి అంగుళం దూరంలో పెట్టి, తాకకుండా, ఆమె అడుగుకి తనూ ఓ అడుగు వేస్తూ వెళ్ళింది.

పట్టుకోవచ్చు కదా అని తర్వాత అడిగాను.

"చూడకుండా ఉన్నవాళ్ళని ముట్టుకుంటే ఉలిక్కిపడతారు సార్. పడబోతేనే పట్టుకోవాలి."

ఎప్పుడు ఆపెయ్యాలో ఎలా తెలుస్తుంది?

"ఆవలిస్తే ఆపేస్తా. చెమటలు పట్టేదాకా చూస్తే ఆలస్యమైపోయినట్టే."

హెడ్‌సెట్ ఒకటి మా ఇంట్లోనూ ఉంది. అమెరికా నుంచి మా బావమరిది తెచ్చాడు. నిలబడి ఆడాలంటే అటు ఆరున్నర, ఇటు ఆరున్నర అడుగుల ఖాళీ కావాలి. మా హాల్లో అంత చోటు దొరకాలంటే టీపాయ్ బాల్కనీలోకి పోవాలి, సోఫా గోడకి అతుక్కోవాలి. చేతులు పైకి విసిరే ఆటైతే సీలింగ్ ఫ్యాన్ ఆపెయ్యాలి. మే నెలలో ఫ్యాన్ ఆపి, అరకిలో బరువు మొహానికి బిగించుకుని గంతులెయ్యడం ఎంత సరదాగా ఉంటుందో మీరే ఊహించుకోండి. కాలింగ్ బెల్ మోగితే తలుపు ఎటుందో తెలియదు. మనం దేనికి కేకలేస్తున్నామో ఇంట్లోవాళ్ళకి అర్థం కాదు. తీరిక దొరికిన ఆదివారం తీసి చూస్తే ఛార్జింగ్ ఉండదు. పెట్టి ఆన్ చేస్తే అప్‌డేట్ అంటుంది. ప్రస్తుతం అది అల్మారాలో పట్టుచీరల పక్కన ఉంది.

మా అల్మారా సంగతి అలా ఉంచితే, దీన్ని ఇళ్ళలోకి తేవడానికి పోసిన డబ్బు సామాన్యమైనది కాదు. ఇలాంటి హెడ్‌సెట్లు చేసే ఆక్యులస్ అనే కంపెనీని ఫేస్‌బుక్ 2014లో సుమారు 200 కోట్ల డాలర్లకి కొంది. ఇప్పుడు మెటా అని పేరు మార్చుకున్న ఆ కంపెనీలో ఈ పని చూసే విభాగం 2024లో ఒక్క ఏడాదిలోనే దాదాపు 1,770 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. ఆపిల్ 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్లకి విజన్ ప్రో అనే తన హెడ్‌సెట్‌ని అమ్మకానికి పెట్టింది. దాని దుకాణాల్లో జరిగింది గమనించండి. అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, మొహానికి సరిపడేలా అమర్చి, దాదాపు అరగంట పక్కనే ఉండి చూపించారు. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. కొనుక్కుని ఇంటికెళ్ళాక పక్కన కూర్చునే ఆ మనిషి లేడు. ఆ అరగంటని పెట్టెలో పెట్టి అమ్మడం ఆపిల్‌కి కూడా చేతకాలేదు.

ఇది ఇవాళ్టి కథ కాదు. 1991లోనే ఇంగ్లండ్‌కి చెందిన వర్చువాలిటీ అనే సంస్థ ఆటల కేంద్రాల్లో ఇలాంటి యంత్రాలు పెట్టింది. మనిషి పడిపోకుండా నడుం చుట్టూ ఓ కడ్డీ వలయం ఉండేది. 1995లో నింటెండో ఇంట్లో ఆడుకొమ్మని తెచ్చిన వర్చువల్ బాయ్ మాత్రం ఏడాది తిరక్కుండానే మూలపడింది. మనకేమో అన్నీ వీధిలోంచి ఇంట్లోకి రావడమే అలవాటు. ఎస్టీడీ బూత్ జేబులోకొచ్చింది, నెట్ సెంటర్ ఇంటికొచ్చింది, వీడియో గేమ్ పార్లర్ పిల్లాడి చేతిలోకొచ్చింది. ఇదీ అలాగే వస్తుందని పెద్ద పెద్ద వాళ్ళే అనుకున్నారు.

బయట ఆడేదానికి శరీరం సాయం కూడా ఉంది. ఇంట్లో చాలా ఆటల్లో మనం నిలబడే ఉంటాం, బొటనవేలితో పుల్ల కదిపితే లోకం పరిగెడుతుంది. పరిగెడుతున్నాం అని కన్ను చెబుతుంది, లేదు నిలబడే ఉన్నాం అని లోపలి చెవి చెబుతుంది. ఈ తగాదాలో కడుపు తిప్పుతుంది. పారిస్‌లో 2022లో మొదలైన ఖూఫూ పిరమిడ్ ప్రదర్శనలో ఈ తగాదా పెద్దగా లేదు. ముప్పావుగంట సేపు జనం ఓ పెద్ద ఖాళీ హాల్లో తమ కాళ్ళతోనే నడుస్తారు, కళ్ళ ముందు పిరమిడ్ లోపలి దారులు కదులుతాయి. కాలు కదిలినంతే కన్నూ కదులుతుంది. మనతో వచ్చినవాళ్ళు బొమ్మల్లా పక్కనే కనిపిస్తుంటారు కాబట్టి ఒకరినొకరు గుద్దుకోరు. 2024లో అదే నగరంలోని ఓర్సే మ్యూజియం ఇదే పద్ధతిలో జనాన్ని 1874 నాటి ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనకి నడిపించింది. అంత హాలు, అంత నడక ఏ ఫ్లాట్‌లో కుదురుతాయి?

అలాగని బయట పెట్టినవాళ్ళంతా బాగుపడ్డారని కాదు. ప్రసాద్స్ పుణ్యమా అని మనకి బాగా తెలిసిన ఐమ్యాక్స్ సంస్థ 2017లో లాస్ ఏంజెలెస్‌తో మొదలుపెట్టి ఇలాంటి కేంద్రాలు తెరిచి, 2019 తొలినాళ్ళకే మూసేసింది. గాలి, వేడి, చేతికి తగిలే గోడలతో సహా అన్నీ అమర్చిన ద వాయిడ్ కేంద్రాలు 2020లో కోవిడ్ దెబ్బకి మూతబడ్డాయి. సినిమా హాల్లో ఒక్క ఆపరేటర్ మూడొందల మందికి బొమ్మ వేస్తాడు. ఇక్కడ నలుగురైదుగురికి ఒకరు పక్కన నిలబడాలి. తొడగాలి, కనిపెట్టుకుని ఉండాలి, విప్పాలి, తుడవాలి. దీన్ని నిలబెట్టేదీ ఆ మనిషే, లెక్కల పుస్తకంలో బరువుగా కనిపించేదీ ఆ మనిషి జీతమే. మెల్‌బోర్న్‌లో 2015లో మొదలైన జీరో లేటెన్సీ వాళ్ళు ఆ ఉద్యోగానికి గేమ్ మాస్టర్ అని పేరు పెట్టారు. మనవాళ్ళు పేరు సంగతి తర్వాత, స్టూల్ ఒకటి వేస్తే బాగుండు. పొద్దుటి నుంచి నిలబడే ఉంటారు.

ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు కత్తెర ముందు పడేది ఎక్కడో కూడా చూశాను. పోయిన నెల ఇంకో మాల్‌కి వెళ్ళాం. గుడ్డు ఆకారంలో ఉన్న నాలుగు కుర్చీలు, అన్నిటికీ కలిపి ఒక్కడే కుర్రాడు. టికెట్లు చింపేదీ వాడే, క్యూలో గొడవ తీర్చేదీ వాడే. మాస్కు ఇవ్వలేదు, జడ సంగతి పట్టించుకోలేదు, హెడ్‌సెట్ నెత్తిన పెట్టి బటన్ నొక్కి ఫోన్‌పే మోగిందని కౌంటర్ దగ్గరికి పరిగెత్తాడు. రోలర్ కోస్టర్ సగం దిగేసరికి మా ఆవిడ తనే పట్టీ లాగేసుకుని, కొప్పు సర్దుకుంటూ బయటికొచ్చింది.

"దీనికంటే ఇంట్లోదే నయమండీ. టికెట్టన్నా అడగదు."