కరెంటు వకీలు ముందు చదివేది బిల్లే

సింగరేణి గోలేటి టౌన్‌షిప్‌లో ముప్పై ఏళ్లు బతికిన మనిషికి కూడా కరెంటు బిల్లు చదవడం రాకపోవచ్చు. క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ కంపెనీ కరెంటే. రిటైరై క్వార్టరు అప్పజెప్పి, రెబ్బెనలోనో మంచిర్యాలలోనో సొంతింటికి చేరాక మొదటి నెల చేతికొచ్చే పొడుగాటి చీటీ అతనికి కొత్త. ఎనర్జీ చార్జీ, స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం. బాయిలో బొగ్గు తీసినవాడికే ఆ బొగ్గుతో పుట్టిన కరెంటు లెక్క అంతుపట్టదు.

ఈ చీటీని చదవడమే వృత్తిగా పెట్టుకున్న వకీళ్లు కొందరున్నారు. భూమి కేసులు, క్రిమినల్ కేసులు చూసేవాళ్లంత పేరు వీళ్లకు రాదు. సినిమాల్లో వీళ్ల పాత్ర ఉండదు. నల్లకోటు వేసుకున్నా వీళ్ల పనిలో సగం గుమాస్తా లెక్క, పావు ఇంజనీరు లెక్క. మిగిలిన పావే వాదన. ఆ పావు నెగ్గాలన్నా మొదటి మూడు పావులూ సరిగ్గా కుదరాలి.

ఇంటికో దుకాణానికో బిల్లు హఠాత్తుగా పదింతలు వచ్చిందనుకోండి. వకీలు దగ్గరికి వచ్చినవాడు ముందు తన కోపమంతా చెప్పుకుంటాడు. కరెంటు వకీలు అది వింటూనే కేటగిరీ చూస్తాడు. ఇంటి కేటగిరీలో ఉన్న సర్వీసును దుకాణం కేటగిరీలోకి మార్చారా? మారిస్తే ఏ తేదీ నుంచి? ముందు నోటీసు ఇచ్చారా? ఆ తర్వాత మంజూరైన లోడు చూస్తాడు. ఆపైన రీడింగ్ తేదీలు చూస్తాడు. ముప్పై రోజుల రీడింగ్ నలభై రోజులకు తీస్తే యూనిట్లు పై స్లాబ్‌లోకి ఎగబాకుతాయి. చాలా తగాదాలు ఇక్కడే తేలిపోతాయి, కోర్టు గడప తొక్కే పనే ఉండదు. నా దృష్టిలో ఈ విద్యకు అసలు విలువ ఇదే.

పాత బకాయి పేరుతో నోటీసు వస్తే 2003 విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ తీస్తారు. సరఫరా ఆపాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. బకాయి మొదట కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే, దాన్ని ప్రతి బిల్లులో బాకీగా చూపిస్తూ వస్తే తప్ప, ఆ పేరుతో కరెంటు తీయడానికి లేదు. అయితే 2020లో సుప్రీంకోర్టు రహమతుల్లా ఖాన్ కేసులో ఒక మెలిక పెట్టింది. రెండేళ్లు దాటితే వైరు కత్తిరించడం కుదరదు గాని, దావా వంటి వేరే దారిలో వసూలు చేసుకునే హక్కు పోదంది. సగం చదివిన వకీలు ఇక్కడే బోర్లా పడతాడు.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు 126, 135 సెక్షన్ల మధ్య ఉంది. అనుమతి లేని వాడకానికి 126, దొంగతనానికి 135. మొదటిది డబ్బు లెక్క. వర్తించే రేటుకు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలు లెక్కగడతారు. రెండోది క్రిమినల్ కేసు, ప్రత్యేక కోర్టు, జైలు. దక్షిణ ఒడిశా విద్యుత్ సంస్థకూ శ్రీ సీతారాం రైస్‌మిల్లుకూ నడిచిన కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ గీత స్పష్టంగా గీసింది. మంజూరైన లోడు దాటి వాడుకున్నా అది అనుమతి లేని వాడకమే, దానికి దొంగబుద్ధి రుజువు చేయనక్కర్లేదు. 126 కింద తుది లెక్క వచ్చాక అప్పీలుకు 30 రోజులే గడువు. అదీ సగం డబ్బు ముందు కట్టాకే. ఈ లెక్కల మీద సివిల్ కోర్టుకు పోవడానికి 145వ సెక్షన్ అడ్డు. ‘మున్సిఫ్ కోర్టులో ఇంజంక్షన్ తెస్తా’ అని ఫీజు తీసుకునే వకీలు దొరికితే లేచి వచ్చేయడం మేలు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ప్రాణం పోయిన కేసులు వేరు. వానాకాలంలో తెగి నీళ్లలో పడ్డ తీగ తొక్కి చచ్చిపోయిన మనిషి లేని జిల్లా మన రాష్ట్రాల్లో లేదు. ఆ కేసుల్లో వాడే సూత్రం బొగ్గు బాయిలోనే పుట్టిందని మన కోల్‌బెల్ట్‌లో ఎంతమందికి తెలుసు? ఇంగ్లాండులోని లాంకషైర్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని చెరువు తవ్వించుకున్నాడు. ఆ నీళ్లు కింద పాడుబడ్డ పాత పనుల గుండా దిగి పక్కనున్న ఫ్లెచర్ గనిని ముంచేశాయి. 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ప్రమాదకరమైనదాన్ని నీ జాగాలో పోగుచేసుకున్నావంటే, అది తప్పించుకుని ఎదుటివాడిని ముంచితే బాధ్యత నీదే, నీ నిర్లక్ష్యం రుజువైనా కాకపోయినా. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయిన సంగతి ఎరిగిన వాళ్లకు ఈ మాట బరువు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ గని నీళ్ల సూత్రాన్నే 2002లో సుప్రీంకోర్టు కరెంటు తీగకు వర్తింపజేసింది. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, షైల్ కుమారి కేసు. రాత్రి పూట పని నుంచి ఇంటికి పోతున్న కార్మికుడు రోడ్డు మీద వాన నీటిలో పడి ఉన్న తీగకు తగిలి చనిపోయాడు. ఎవరో కరెంటు దొంగిలించబోతే తీగ తెగింది, మా తప్పేమీ లేదంది బోర్డు. కోర్టు ఒప్పుకోలేదు. అంత ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు పరాయివాడి మీదకు నెట్టి తప్పించుకోలేడంది. ఇలాంటి కేసు పట్టిన వకీలు మొదటి రోజే పంచనామా, పోస్టుమార్టం నకళ్లు, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ కాగితం అడుగుతాడు. లాగ్‌బుక్‌లో ఆ రాత్రి ఫీడర్ ట్రిప్ అయిందో లేదో రాసి ఉంటుంది. ఒక్కోసారి కేసంతా ఆ ఒక్క గీత మీద నిలబడుతుంది. అయితే అడవి పందుల కోసం చేనుచుట్టూ ఎవరైనా కరెంటు తీగ పెడితే సంగతి వేరు. అక్కడ నేరం తీగ పెట్టినవాడిదే.

ఇక కమిషన్ సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 1998 సంస్కరణల చట్టంతో 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. ధర నిర్ణయించే పని విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు పోయింది. కొత్త ధరల మీద జనం వీధికెక్కితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా వచ్చింది. కరెంటు ధర మంత్రివర్గం గదిలో నుంచి బహిరంగ విచారణ గదిలోకి వచ్చిందన్న సంగతి అప్పటికి చాలామందికి తెలియదు. తర్వాత్తర్వాత ఆ గదిలో నిలబడి వాదించడం ఒక సంప్రదాయమైంది. దాన్ని నిలబెట్టింది వకీళ్లు మాత్రమే కాదు. సీనియర్ జర్నలిస్టు ఎం.వేణుగోపాలరావు, పీపుల్స్ మానిటరింగ్ గ్రూప్ ఎం.తిమ్మారెడ్డి వంటివాళ్లు పట్టికలు పట్టుకుని, కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌ల లెక్కల్లో ఏళ్లకేళ్లు తప్పులు పట్టారు. వినియోగదారులకు వినిపించుకునే హక్కు ఉందని 2002లో కలకత్తా కరెంటు కంపెనీ సీఈఎస్‌సీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్ల స్థిర చార్జీ కిలోవాట్‌కు 10 నుంచి 50 రూపాయలకు పెంచాలని డిస్కమ్‌లు అడిగితే మన తెలంగాణ కమిషన్ అడిగినదంతా ఇవ్వలేదు.

కమిషన్ విచారణలో పెద్ద కేసులన్నీ బొగ్గు దగ్గరికే చేరతాయి. కరెంటు ధరలో రెండు ముక్కలుంటాయి. ప్లాంటు కట్టిన ఖర్చు ఒకటి, కాల్చిన ఇంధనం ఖర్చు ఒకటి. ఇంధనం లెక్క తేలాలంటే బొగ్గు కిలోకు ఎన్ని కిలో కేలరీల వేడి ఇస్తుందో తెలియాలి. 2012 నుంచి మన బొగ్గుకు ఆ వేడిని బట్టే జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడ్లున్నాయి. గని దగ్గర ఒక గ్రేడ్ బిల్లు వేస్తారు, ప్లాంటుకు చేరాక కొలిస్తే తక్కువ వస్తుంది. ఏ కొలత ప్రకారం జనం కట్టాలి? 2014 కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిబంధనలు ‘అందినప్పటి’ కొలత అన్నాయి. ఎక్కడ అందినప్పుడు అన్న దాని మీద ఎన్టీపీసీ ఢిల్లీ హైకోర్టుకు పోయింది. చివరికి 2016 జనవరిలో కేంద్ర కమిషన్, ప్లాంటుకొచ్చిన నిండు వ్యాగన్ల నుంచే నమూనా తీయాలని తేల్చింది. వేల కోట్ల వ్యాజ్యానికి మూలం వ్యాగన్ పైన పార పట్టిన మనిషి చెయ్యి! ఇంకో చిత్రం: జైపూర్‌లో రెండు 600 మెగావాట్ల యూనిట్లు కట్టుకున్న సింగరేణి ఇప్పుడు బొగ్గు అమ్మేదీ తనే, కరెంటు అమ్మేదీ తనే. అందుకే ధర కోసం రాష్ట్ర కమిషన్ ముందుకు వచ్చి లెక్కలు చూపించాల్సి వస్తోంది.

ఊరి కరెంటు ఊరివాళ్లదే అయిన చోట్లూ ఉన్నాయి. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970 నుంచి సభ్యుల సొసైటీగా నడుస్తోంది. చట్టంలోని 13వ సెక్షన్ కింద లైసెన్సు మినహాయింపు తెచ్చుకుంటుంది. అంతకు ముందు ఊరి కరెంటు ప్రైవేటు చేతిలో ఉన్న చోట్లూ ఉండేవి. రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ అలాంటి కంపెనీయే. దాన్ని తీసుకోవడానికి మద్రాసు ప్రభుత్వం చేసిన 1949 చట్టం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలుగునేల మీద కరెంటు వకాలతు చరిత్ర మొదలుపెట్టాలంటే ఆ తీర్పు నుంచే మొదలుపెట్టాలి.

చిన్న ఫిర్యాదుకు వకీలు అక్కర్లేదు. 42వ సెక్షన్ కింద ప్రతి డిస్కమ్‌కూ వినియోగదారుల ఫోరం ఉంది, పైన కమిషన్ నియమించిన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫిర్యాదు ఎవరి మీదో ఫోరం పెట్టేదీ వాళ్లే కావడం నాకు నచ్చదు. అందుకే అంబుడ్స్‌మన్ దాకా పోవడానికి వెనుకాడొద్దని చెబుతాను.

డిస్కమ్‌లు ప్రతి ఏటా నవంబరు 30 లోగా కొత్త లెక్కలు కమిషన్‌కు ఇవ్వాలి. ఆ వివరాలు పేపర్లలో వేస్తారు, అభ్యంతరాలకు గడువు కూడా అందులోనే ఉంటుంది. తెలుగులో ఒక పేజీ రాసి పంపినా చాలు. మన డిస్కమ్ విచారణ హన్మకొండలో పెడితే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో రైలెక్కి కాజీపేటలో దిగొచ్చు. పోయేటప్పుడు మూడు నెలల బిల్లులు జేబులో పెట్టుకోండి.