ప్రియమెవరికి, ప్రియులెవరు?

అనువాదమే నిత్యకృత్యమైన నావంటివానికి మాటకంటె మాట చివరనున్న ప్రత్యయమే యొక్కొక్కప్పుడు ఎక్కువ శ్రమ నిచ్చుచుండును. ఈ వారమంతయు గ్రీకు మూలముగల ‘ఫిలియా’ నన్నట్లు పట్టి నిలిపినది. పుస్తకములపై మక్కువగలవాడు బిబ్లియోఫైల్. పిల్లులనిన ప్రాణము పెట్టువాడు ఐలురోఫైల్. యీ-ఫూ తువాన్ అను భూగోళశాస్త్రజ్ఞుడు 1974లో తన గ్రంథమునకు పేరుగా నుంచిన టోపోఫిలియా స్థలానురాగము. ఇవన్నియు మన ప్రియశబ్దమునకు లొంగునట్లే తోచును.

అయినను ప్రాచీన గ్రీకున ఈ శబ్దము ముందు నిలిచినచో ప్రేమించువానిని, వెనుక నిలిచినచో సాధారణముగా ప్రేమింపబడువానిని తెలుపును. ఫిలోథెయోస్ దేవుని ప్రేమించువాడు. థెయోఫిలోస్ దేవునికి ప్రియుడు. ఆధునికులు ఆ భేదమును పాటింపక, వెనుకనున్నదానిచేతనే ప్రేమించువానిని చెప్పించిరి. మన సమాసములలోను ఈ చిక్కు కలదు: భోజనప్రియునకు భోజనము ప్రియము, హరిప్రియయగు లక్ష్మి హరికి ప్రియురాలు. విగ్రహవాక్యము చెప్పుకొన్నగాని ప్రేమ యెటునుండి యెటు ప్రవహించుచున్నదో తెలియదు.

తపాలాబిళ్లల సేకరణకు 1864లో జార్జ్ ఎర్పాఁ కల్పించిన ‘ఫిలాటెలీ’ అను పేరులో బిళ్ల ప్రసక్తియే లేదు. అందున్న ‘అటెలియా’కు సుంకము లేకుండుట యని యర్థము; బిళ్ల అంటించిన జాబునకు అందుకొనువాడు రుసుము చెల్లింపనక్కరలేదు గదా!

ఇవి యెరుగని తొలినాళ్లలో, హాప్ఫ్ అను వైద్యుడు 1828లో తన సిద్ధాంతవ్యాసమున వాడిన ‘హీమోఫిలియా’ను నేను రక్తప్రియత్వమని తెనిగించి, సొగసుగా కుదిరినదని సంతసించితిని. అది అచ్చయిన కొన్నాళ్లకు, ఆ వ్యాధిగల బాలుని తండ్రి యొకడు పత్రికను నాలుగు మడతలు పెట్టి చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. అరుగుమీద కూర్చుండి, ఆ మాటపై వ్రేలుంచి, “మా పిల్లవాడికి రక్తం ప్రియమేమిటండీ? దెబ్బ తగిలితే చాలు, ఎంతకీ కట్టదు. రాత్రంతా గుడ్డలు మారుస్తూ కూర్చుంటాం,” అనెను. అతని కంఠమున కోపము లేదు. అలసట మాత్రమే యుండెను.

ఆ సాయంకాలమే నా ప్రతిలో ఆ సమాసమును కొట్టివేసి, ‘రక్తము గడ్డకట్టని జబ్బు’ అని వ్రాసికొంటిని. ఒక ప్రత్యయమును తెలుగు చేయుటకు ముందు, ఆ మాటను బ్రతుకున మోయువారు దానినెట్లు చెప్పుకొందురో విచారించుట నాటినుండి నాకు నియమమైనది.