ఫోనులో గీత, కాగితం మీద గీత

ఫోనులో గీసింది బొమ్మే కాదనేవారు కొందరు. ఇంకా కాగితం పట్టుకు తిరిగేవాడు కాలానికి వెనకబడ్డాడనేవారు మరికొందరు. ఈ వాదం విన్నప్పుడల్లా నాకొక అనుమానం కలుగుతుంది: ఉభయులూ బొమ్మను గురించి మాట్లాడటం లేదు. మొదటివారిది అలవాటు మీద మమకారం, రెండవవారిది కొనుక్కున్న సరుకు మీద మమకారం.

ఈమధ్య యాగంటి వెళ్ళినప్పుడు ఈ సమస్య నాకు స్వయంగా ఎదురైంది. ఎర్రమల కొండల నడుమ ఉన్న ఆ గుడిలో బసవన్న నానాటికీ పెరుగుతున్నాడని జనం నమ్మకం. పెరుగుదల సంగతి అలా ఉంచితే, ఆ నందిని గీయటం మహా కష్టం. నున్నగా చెక్కి నగలు తొడిగిన లేపాక్షి నంది వంటిది కాదది. రాయి ఇంకా రాయిగానే ఉండి, ఎద్దు అందులోంచి సగమే బయటికి వచ్చినట్టుంటుంది.

పొద్దున ఫోనులో గీశాను. మంటపంలో వెలుతురు తక్కువైనా తెర తనంతట తాను వెలుగుతుంది గనక ఇబ్బంది లేదు. మూపురం గీత తప్పింది; ఒక్కసారి తాకితే పోయింది. మళ్ళీ తప్పింది, మళ్ళీ పోయింది. ఎన్నిసార్లు చెరిపానో నాకే లెక్క లేదు. పైగా నా చెయ్యి వణికినచోట గీతను సాపు చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. చివరికి తయారైన బొమ్మలో వేలు పెట్టి చూపటానికి ఒక్క తప్పు లేదు. మధ్యాహ్నం కోనేటి మెట్ల మీద కూర్చుంటే ఎండకు తెరలో నా ముఖం తప్ప మరేమీ కనపడలేదు. సాయంత్రం మంటపానికి తిరిగొచ్చి, అదే నందిని పెన్సిలుతో కాగితం మీద గీశాను. మూపురం మూడుసార్లు తప్పింది. మూడు గీతలూ ఒకదానిమీద ఒకటి ఉండిపోయాయి.

ఆళ్ళగడ్డలో రాతిపని చేసే కుర్రవాడొకడు పక్కన నిలబడి చూస్తున్నాడు. రెండూ చూపించాను.

“ఫోన్లోది బాగుంది సార్. కానీ దాన్ని రాతికి ఎత్తుకోలేం. కాగితంది తప్పులున్నా ఎత్తుకోవచ్చు,” అన్నాడు.

ఈ మాట నన్ను చాలాసేపు వదలలేదు. ఆళ్ళగడ్డ శిల్పికి బొమ్మ అంతిమఫలం కాదు, రాతికి ఇచ్చే ఆదేశం. ఉలి దెబ్బను వెనక్కి తీసుకోవటం ఎవరి తరమూ కాదు. అందుచేత బొమ్మలో అతను అందం కోసం చూడడు, గీసినవాడికి ఏం తెలుసునో చూస్తాడు. మెడ ఎక్కడ ఆగి మూపురం ఎక్కడ లేస్తుందో నేను వెతుక్కున్న జాడ ఆ మూడు గీతల్లో ఉంది. ఫోను బొమ్మలో నా శ్రమ లేదనను. అంతకంటె ఎక్కువే ఉంది, కాని జాడ లేకుండా పోయింది. పనిచేసినవాడి చెయ్యి కనపడకుండా సరుకు మాత్రమే కనపడటం బజారులో మనకు కొత్త కాదు. మన బొమ్మకు మనమే ఆ పని చేసుకోవటం కొత్త.

బాపు (1933–2014) చేతిరాత కంప్యూటరు అక్షరాలుగా మారి శుభలేఖల్లోకి వచ్చింది. చూడముచ్చటగానే ఉంటుంది. కాని చేత్తో రాసినప్పుడు ఏ రెండు ‘అ’లూ అచ్చంగా ఒకటి కావు, యంత్రంలో ఎన్ని ‘అ’లైనా ఒకటే ‘అ’.

అయితే నేరం ఫోనుది అనటం తేలిక. డేవిడ్ హాక్నీ డెబ్బై దాటాక, 2009 ప్రాంతంలో, ఐఫోను మీద బొటనవేలితో గీయటం మొదలుపెట్టాడు. బ్రిడ్లింగ్టన్‌లో పక్కమీద నుంచి లేవకుండా, దీపం వెలిగించకుండా, కిటికీలో పొద్దుపొడుపు గీశాడు. వెలుగే వస్తువైనప్పుడు వెలిగే తెర సరైన పరికరం. ఆ చీకట్లో కాగితం ఎందుకూ పనికిరాదు.

ఇంకొక సంగతి. 1943 కరువులో చిత్తప్రసాద్ బెంగాలులోని మిడ్నపూరు జిల్లా తిరిగి సిరాతో గీసిన బొమ్మలు ‘హంగ్రీ బెంగాల్’ పేరుతో అచ్చయితే, తెల్లదొరల ప్రభుత్వం ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. ఆ చేతిలో ఫోనుంటే ఆ ఆకలి ముఖాలు అదేరోజు దేశమంతా చేరేవి. కాగితాన్ని పూజించేవారు దీనికి జవాబు చెప్పాలి. (నా పాత బొమ్మల పుస్తకం ఒకటి చెదలు తిన్నది. ఫోనులో ఏడాదిపాటు గీసినవి ఫోను పగిలినరోజున పోయాయి. కనక శాశ్వతత్వం గురించి ఎవరూ గొప్పలు పోనక్కరలేదు.)

నా అభ్యంతరం ఒక్కటే. తప్పుకు ఖరీదు లేకుండా పోయినప్పుడు, గీసేముందు చూడటం తగ్గుతుంది. ఆరోజు పొద్దున నేను నందిని చూసినదానికంటె తెరను ఎక్కువగా చూశాను. సాయంత్రం, రెండవ గీత కూడా తప్పాక, పెన్సిలు కింద పెట్టి నందివైపు చూస్తూ కూర్చున్నాను. ఇది నా ఒక్కడి అలవాటుకు సంబంధించిన విషయం కాదు. కంప్యూటరులో గీసిన బొమ్మను యంత్రమే రాతిలో చెక్కే పద్ధతి ఇప్పటికే వచ్చింది. రాతిని ఎన్నడూ ముట్టని చెయ్యి గీసిన సాపు గీత, మధ్యలో శిల్పి లేకుండానే రాతికి చేరుతుంది. అప్పుడు “దీన్ని ఎత్తుకోలేం” అని చెప్పటానికి ఆ కుర్రవాడు అక్కడ ఉండడు.

వెళ్ళేముందు అతను నా కాగితాన్ని మంటపం అరుగుమీద పరిచి, నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టి, తన ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. తప్పిన గీతలు సరిగా పడలేదని ఇంకోటి తీశాడు.