కాలు తీసే ముందు

కాళ్ళకు రక్తం తీసుకెళ్ళే ధమనుల్లో కొవ్వు, కాల్షియం పేరుకుని దారి ఇరుకైపోవడమే పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ దీనికి ముఖ్య కారణాలు. కొంత దూరం నడిచేసరికి పిక్కలు పట్టేస్తాయి. కాసేపు నిలబడితే నొప్పి తగ్గుతుంది, మళ్ళీ దాదాపు అంతే దూరం నడిచాక మొదలవుతుంది. వాతమనో, నరాల బలహీనత అనో, వయసు మీద పడిందనో సరిపెట్టుకోవడంతో చికిత్సకు అనువైన కాలమంతా గడిచిపోతుంది. ముదిరితే పడుకున్నప్పుడు కూడా పాదం సలుపుతుంది, మంచం మీంచి కిందికి వేలాడదీస్తేనే కాస్త ఊరట. ఆపైన మానని పుండు, నల్లబడిన వేలు.

మధుమేహం ఉన్నవారికి ఈ హెచ్చరికలూ అందకపోవచ్చు. నరాలు దెబ్బతిని స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు. చెప్పు కరిచిన గాయమే వారికి మొదటి సూచన. షుగర్ పుండు అంటూ కట్లు మారుస్తూ పోతారు గానీ, రక్తం అందని పుండు ఎన్ని కట్లు కట్టినా మానదు. రక్తప్రసరణ చూడకుండా వేలు తీసేస్తే ఆ కోతా మానదు. తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింది వరకు తీయవలసి వస్తుంది. ఇది చాలావరకు తప్పించగల నష్టం, అందుకే మరింత బాధాకరం.

పరీక్ష సులువైనది. బీపీ పట్టీ, చిన్న డాప్లర్ పరికరం ఉంటే చాలు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించినప్పుడు 0.9 లేదా అంతకు తక్కువ వస్తే వ్యాధి ఉన్నట్టే. 1.4 దాటితే ధమని గోడలు గట్టిపడి పట్టీకి లొంగడం లేదని అర్థం. మధుమేహుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలవాలి.

చికిత్సలో మొదటిది పొగాకు పూర్తిగా మానడం. స్టాటిన్, ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ గుండెపోటు, పక్షవాతం ముప్పునూ తగ్గిస్తాయి. పుండు లేనివారు నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్ళీ నడవడం వారానికి కనీసం మూడుసార్లు చేస్తే, మూడు నెలల్లో నడవగలిగే దూరం పెరుగుతుంది. నొప్పి వస్తోందని నడక మానేయడం తప్పు.

పుండు పడ్డాక యాంజియోప్లాస్టీ లేదా బైపాస్ అవసరమవుతుంది. యాంజియోప్లాస్టీ పుట్టింది గుండె కోసం కాదు, కాలి కోసమే. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఛార్లెస్ డాటర్, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ళ మహిళకు తొడ ధమనిని గొట్టాలతో వెడల్పు చేసి పాదం నిలబెట్టాడు.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తీవ్రంగా నొప్పి పెడితే గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి. వేలైనా, కాలైనా తీసేయాలని ఎవరు చెప్పినా, రక్తప్రసరణ పరీక్ష చేశారా, రక్తనాళాల సర్జన్ చూశారా అని సంతకం పెట్టే ముందు అడగండి.