చిత్రమే సిద్ధాంతవ్యాసం కాగలదా?

చిత్రకళలో పరిశోధన పట్టా అనగానే మనలో రెండు వాదాలు వినిపిస్తాయి. కళ ప్రతిభవల్ల పుడుతుంది, దానికి పరిశోధన ఎందుకంటారు కొందరు. పట్టా కావాలంటే లావుపాటి సిద్ధాంతవ్యాసం వుండవలసిందే, బొమ్మలు అనుబంధంగా వుంటే చాలునంటారు మరికొందరు. మొదటివారు కళాకారుణ్ణి దేవుణ్ణి చేస్తున్నారు. రెండవవారు గుమాస్తాను చేస్తున్నారు. శ్రమించి సత్యాన్ని తెలుసుకునే మనిషిగా ఇద్దరూ చూడడం లేదు.

సోమ్‌నాథ్ హోర్ (1921–2006) కృషిని పరిశీలిద్దాం. పంటలో మూడింట రెండు వంతులు తమకే దక్కాలని 1946లో బెంగాల్ పాలికాపులు తెభాగా పోరాటం సాగించారు. హోర్ రంగపూర్ పల్లెలకు వెళ్ళి, ఆ రైతుల మధ్య వుండి డైరీ రాశాడు, బొమ్మలు గీశాడు. తరువాత శాంతినికేతన్ కళాభవనంలో గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపాడు. 1970లలో ‘గాయాలు’ అనే వరుస ముద్రణచిత్రాలు చేశాడు. మట్టి, మైనం పలకలను కత్తితో కోసి, వాటినుంచి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చుమీద కాగితపు గుజ్జును పరిచాడు. ఆ తెల్ల కాగితంలో మనిషి రూపం కనిపించదు. కోతలూ గుంటలూ కనిపిస్తాయి. అతడు గాయాన్ని బొమ్మగా వెయ్యలేదు, కాగితానికే గాయం చేశాడు.

ఇది పరిశోధన కాదని ఎవరనగలరు? మనిషి రూపం లేకుండా మనిషిపై జరిగిన హింసను చూపగలమా అన్న ప్రశ్న ఇందులో వుంది. పద్ధతి వుంది. ఫలితం కళ్ళెదుట వుంది. దాన్ని వ్యాసంగా మారిస్తే సగం జారిపోతుంది.

అయితే ఏది గీసినా పరిశోధనే అవుతుందా? కాదు. ఏం వెతికాడో, ఎన్నిసార్లు తప్పిపోయాడో, పదార్థం ఎక్కడ ఎదురుతిరిగిందో విద్యార్థి రాయాలి. హోర్ డైరీ కూడా రాతే కదా! కాని అక్కడ రాత పనికి తోడుగా నడిచింది, పని నెత్తిన ఎక్కి కూర్చోలేదు.

ఇంకొక ప్రశ్న మనకు మరీ దగ్గరిది. చేర్యాల నకాషీ చిత్రకారుడు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి బట్టకు పూత పూస్తాడు. పాళ్ళు చేతికి తెలుసు; ఆ చేతి వెనుక తరాల ప్రయోగం వుంది. ఒక విద్యార్థి ఆ పాళ్ళను రాసుకొని వస్తే అది పరిశోధన, పట్టా అతనిది. చెప్పినవాడు కృతజ్ఞతల పేజీలో ఒక పేరు. కౌలు భూమిలో దున్నేవాడొకడు, గింజలు కొలుచుకునేవాడొకడు అయినట్టే ఇది కూడా. తెభాగా రైతు అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడగాలి: ఈ పంటలో వాటా ఎవరిది?

అందుచేత పరీక్షకుల బల్లదగ్గర ఆ చిత్రకారుడికీ ఒక కుర్చీ వెయ్యాలి. ప్రశ్నలు తెలుగులో సాగాలి. ముందు గోడమీది పనిని చూసి, ఆ తరువాతే వ్యాసాన్ని తెరవాలి. మన కళాశాలల్లోని అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి అడిగితే ఇవి అసాధ్యమైన కోర్కెలు కావు.