గేటు కాడ అమ్మల తనిఖీ

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒక బడి గుణం పట్టడం ఎవరికి బాగా తెలుసని అడిగితే నేను తనిఖీ అధికారుల పేరు చెప్పను. తల్లిదండ్రులను రానిచ్చే ఆదివారం నాడు గురుకులం గేటు బయట చెట్ల నీడన సద్దిమూటలు విప్పుకుని కూర్చునే అమ్మల పేరు చెబుతాను. మా అక్క బిడ్డ గురుకులంలో చేరినప్పటి నుంచి నేనూ వాళ్ల మధ్య కూర్చుంటున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పని పనితనం అది. ఒకరిని చూసి ఒకరు పట్టుకున్నారు.

తల్లి వెంటనే ఏమీ అడగదు. పిల్లను ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పుతుంది. పేన్లు ఎంత పట్టాయో చూస్తే చాలు, వారానికి ఎన్నిసార్లు తలకు పోసుకుంటున్నారో, బాత్రూముల్లో నీళ్లకు కటకట ఉందో లేదో ఆమెకు తెలిసిపోతుంది. తర్వాత చేతివేళ్ల సందులు చూస్తుంది. అక్కడ గజ్జి పొక్కులు కనబడితే ఉతకని దుప్పట్లు, ఒకరినొకరు ఒరుసుకుని పడుకునే గది ఆమె కళ్ల ముందుకొస్తాయి. ఆ గదిలోకి ఆమెను ఎవరూ రానివ్వలేదు, అయినా చూసేసింది. బట్టలు వాసన చూస్తుంది. ఎండకు ఆరిన బట్ట వేరు, గదిలో మంచం కోడుకు వేలాడేసి ఆరబెట్టిన బట్ట వేరు. ఆ తేడా చెప్పడానికి ఆమెకు ఏ ఫారమూ అక్కర్లేదు.

ఆ తర్వాతే డబ్బా మూత తీస్తుంది. ‘అన్నం మంచిగుంటదా బిడ్డా’ అని అడిగే తల్లులు కొత్తవాళ్లు. ఆ ప్రశ్నకు పిల్ల తల ఊపుతుంది, అంతే. రెండు మూడేళ్ల నుంచి వస్తున్న తల్లి ఇంకో తీరుగా అడుగుతుంది: ‘నిన్న రాత్రి ఏం కూర? మల్ల అడిగితే ఏసిన్రా? గుడ్డు ఏ రోజు పెట్టిన్రు?’ అడుగుతూనే పిల్ల తినే వేగం గమనిస్తుంది. కోడికూర మీద పడితే ఆమెకు దిగులు లేదు, ఏ పిల్లయినా పడుతుంది. ఒట్టి పప్పన్నం కూడా ఆబగా తింటుంటే మాత్రం ఆమె ముఖం మారుతుంది, పక్కనున్న ఆమె వంక చూస్తుంది.

నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవించేది ఆ తర్వాత జరిగే పని. తన బిడ్డ మాటను తల్లి పూర్తిగా నమ్మదు. అమ్మ ఏడుస్తుందని దాచే పిల్లలుంటారు, ఇంటికి తీసుకుపోవాలని రెండింతలు చేసి చెప్పే పిల్లలుంటారు. అందుకని పక్క చాపమీది పిల్లను పిలిచి నోట్లో ముద్ద పెడుతూ అవే సంగతులు అడుగుతుంది. ఆ పిల్ల తల్లి ఈమె బిడ్డను అడుగుతుంది. ఐదో తరగతి పిల్లను ఒకటి, తొమ్మిదో తరగతి పిల్లను ఒకటి అడుగుతారు. ఐదో తరగతి పిల్లకు ఇంటి మీద బెంగ, కాబట్టి రాత్రిపూట ఎవరు పక్కన పడుకుంటున్నారో అడగాలి. తొమ్మిదో తరగతి పిల్లకు బడి లోతు తెలుసు, కాబట్టి లెక్కల టీచరు ఉన్నదా, బదిలీ మీద పోతే ఆ పీరియడ్ ఎవరు తీసుకుంటున్నారో అడగాలి. జ్వరమొస్తే నర్సు చూస్తుందా, ఫోన్ చేయనిస్తారా అన్నది ఇద్దరినీ అడగాలి. ‘వదినా, మీ పిల్ల అట్ల చెప్పింది, మా పిల్ల ఇట్ల చెప్తుంది, ఏది నిజమంటవ్?’ అని తేల్చుకునే దాకా ఎవరూ చాప మడవరు.

దేవరకద్ర సంతలో ఎడ్లు కొనే రైతు అమ్మేవాడి మాట మీద పైసలు ఇవ్వడు. పండ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, కాడి పడ్డ మెడ మీద చెయ్యి వేస్తాడు. గేటు కాడ కూర్చున్నవాళ్లు ఆ రైతుల ఇండ్ల ఆడవాళ్లే. బడి విషయంలో వాళ్లకు ఏమీ తెలియదని అనుకోవడం ఎంత అన్యాయమో నాకు అక్కడే అర్థమైంది.

ఈ ఆదివారాలు మన దగ్గర నిజమైన బడుల ప్రదర్శన. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక తల్లికి పెద్దపిల్ల గిరిజన గురుకులంలో, చిన్నపిల్ల కస్తూర్బా బడిలో, మరిది కొడుకు చలకుర్తి నవోదయలో ఉంటారు. పాలమూరు నుంచి వచ్చిన ఇంకొకామె చెల్లెలి పిల్లలు వట్టెం నవోదయకు రాసి, సీటు రాక, మోడల్ స్కూల్లో చేరి ఉంటారు. జ్యోతిబా ఫూలే బీసీ గురుకులం భవనం కిరాయిదా సొంతదా, మైనారిటీ గురుకులంలో ఇంగ్లిష్ ఎట్లా చెబుతున్నారు, సోషల్ వెల్ఫేర్ వాళ్లు ఆటలకు ఎంత విలువిస్తారు, అన్నీ ఆ చాపల మీద పోల్చి చూస్తారు. ఎండాకాలం సెలవుల్లో ప్రైవేటు బడుల పీఆర్వోలు ఊరూరా తిరిగి పంచే రంగుల కాగితాల్లో ర్యాంకులు, ఫొటోలు తప్ప ఇంకేమీ ఉండవు. జూన్‌లో బడిబాట పేరుతో సర్కారు టీచర్లు ఇంటింటికీ వస్తారు, పాపం చాలామంది మనసుపెట్టే తిరుగుతారు. కానీ ఒక బడి గురించి ఇంకో బడి తల్లిని అడిగి తెలుసుకునే చోటు గేటు బయటి నేల ఒక్కటే.

బడులను ఇట్లా తూచే హక్కు నల్లగొండ నేలకు ఉంది కూడా. రాష్ట్రంలో తొలి గురుకుల పాఠశాల పుట్టింది ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే, 1971లో, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లిలో కూడా అటువంటివి వచ్చాయి. పల్లెటూరి పేదింటి పిల్లవాడు పట్నం పిల్లవాడితో సమానంగా చదవాలంటే వాడికి బడి ఒక్కటే చాలదు, తిండి, నిద్ర, గురువు ఒకే చోట దొరకాలన్న ఆలోచన అది. అదే ఆలోచన 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలుగా దేశమంతా పాకింది. అప్పుడు కేంద్రంలో విద్య చూస్తున్నది కూడా పీవీయే. సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ 1987లో వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక సొసైటీలన్నీ కలిపి గురుకులాలు వెయ్యి దాటాయి. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు వలస పోయే తల్లిదండ్రులకు ఈ బడులు చేసిన మేలు మాటల్లో చెప్పలేనిది. పిల్లలను ఎవరి దగ్గర వదలాలన్న దిక్కుమాలిన ప్రశ్న వాళ్లకు తప్పింది.

కానీ ఎంచుకునేది ఎవరు? ఐదో తరగతిలో చేరడానికి 100 మార్కుల పరీక్ష పెడతారు. తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. సీట్లు దాదాపు 50 వేలు, రాసేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. నాలుగో తరగతి పసిపిల్ల రాసిన పరీక్షను బట్టి బడి ఆమెను ఎంచుకుంటుంది. తల్లి బడిని ఎంచుకోవడం లేదు. వేళ్ల సందులు చూసి బడిని పసిగట్టగల మనిషికి ఆ తెలివిని వాడే అవకాశం చేరే ముందు రాదు, చేరాకే వస్తుంది. అప్పటికి పిల్ల లోపల, తల్లి బయట.

తల్లి బడిని ఎంచుకునే మాటకొస్తే, అమెరికాలో చార్టర్ స్కూళ్లని ఉంటాయి. సర్కారు సొమ్ముతో నడుస్తాయి, ఫీజు ఉండదు, కానీ నడిపేది విడిగా ఒక బోర్డు. మిన్నెసోటా రాష్ట్రం 1991లో మొదటి చట్టం చేసింది, మరుసటి ఏడు సెయింట్ పాల్ నగరంలో మొదటి బడి తెరిచారు. డాలస్, ఫీనిక్స్‌లలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఇవి బాగా తెలుసు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. మా బంధువుల్లో ఒకామె ఆ లాటరీ గురించి ఫోన్‌లో చెబుతుంటే నాకు మన కలెక్టరేట్ హాలు గుర్తుకొచ్చింది. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం కింద ఎస్సీ, ఎస్టీ పిల్లలను ప్రైవేటు బడుల్లో చదివించి ఫీజు సర్కారు కడుతుంది. ఇంటి నుంచి పోయి వచ్చే పిల్లకు ఏడాదికి 28 వేలు, హాస్టల్‌లో ఉండే పిల్లకు 42 వేల రూపాయలు. ఆ సీట్లకు కలెక్టరేట్‌లో లక్కీ డిప్ తీస్తారు. పేరు వచ్చిన తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది, పేరు రాని తల్లి కూడా తుడుచుకుంటుంది. 2025లో ఫీజు బకాయిలు పేరుకుపోయి, బడులు ఈ పథకం పిల్లలను రానివ్వబోమంటే ఆ తల్లిదండ్రులే రోడ్డెక్కాల్సి వచ్చింది.

చార్టర్ స్కూళ్ల మంచిచెడ్డల మీద అక్కడా పెద్ద కొట్లాటే ఉంది. సర్కారు బడుల సొమ్ము వీటికి మళ్లుతున్నదని ఒక వాదం. అందులోకి నేను పోను. నాకు నచ్చింది ఒక్కటే. ఆ బడికి ఒక రాతకోత ఉంటుంది. ఏం చేస్తామన్నారో కాగితం మీద ఉంటుంది, దానికి గడువుంటుంది, మాట తప్పితే ఒప్పందం రద్దు చేసి బడి మూసేయవచ్చు. ఇంత చేసినా అక్కడి కాగితంలోనూ తల్లి సంతకం ఉండదు, ఒప్పందం బోర్డుకూ అనుమతిచ్చే సంస్థకూ మధ్యే. మన గురుకులాల సొసైటీల్లోనూ అంతే. సొసైటీకీ సర్కారుకూ మధ్య ఫైళ్లు నడుస్తాయి. గేటు బయట చెట్ల కింద తేలిన సంగతులు ఏ ఫైల్లోనూ ఎక్కవు.

తిండి సంగతే తీసుకోండి. 2024 చివర్లో సర్కారు హాస్టళ్లు, గురుకులాల డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లకు నెలకు 950 ఉన్నది 1330 రూపాయలైంది. అంటే రోజుకు 32 రూపాయల లోపు నుంచి 44 పైకి వచ్చింది. మంచి పని, ఎప్పుడో చేయాల్సింది. ఆ పెరిగిన 12 రూపాయల పైచిలుకు పళ్లెంలోకి వచ్చిందా లేదా అన్నది ఎవరు చెప్పాలి? బిల్లులు చూసే మనిషి సరుకు వచ్చిందని చెబుతాడు. పిల్ల చెంపలు చూసే మనిషి తిన్నదో లేదో చెబుతుంది. కలుషిత ఆహారంతో పిల్లలు దవాఖాన పాలైన వార్తలు వచ్చిన ప్రతిసారీ విచారణ వేస్తారు. అన్నం వాసనొస్తున్నదని, పప్పులో పురుగులున్నయని అంతకు ముందు ఆదివారమే ఏ తల్లో పక్కావిడతో చెప్పే ఉంటుంది. అది వినే చెవి ఒకటి ఉంటే విచారణ దాకా పోదు.

విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది, సగం మంది ఆడవాళ్లు ఉండాలన్నది. ఊళ్లో బడికి అది కుదురుతుంది. అరవై, డెబ్బై కిలోమీటర్ల అవతలి గురుకులానికి పత్తి ఏరే రోజుల్లో కూలి వదులుకుని మీటింగుకు రమ్మంటే ఎవరు వస్తారు? ఒకప్పుడు బస్సు చార్జీలకే భయపడి పండుగకు తప్ప రాని తల్లులుండేవారు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక గేటు బయట చాపలు పెరిగాయి, నా కళ్లతో చూశాను. ఇదివరకు తండ్రి ఒక్కడే బండి మీద వచ్చి డబ్బా ఇచ్చి పోయేవాడు. ఇప్పుడు తల్లి, అవ్వ, చిన్నమ్మ ముగ్గురూ ఆధార్ కార్డు చూపించి దిగుతున్నారు. ముగ్గురివీ మూడు జతల కళ్లు. చట్టం కోరిన జనం వాళ్లంతట వాళ్లే నెలనెలా నడిచి వస్తుంటే బయటే కూర్చోబెడుతున్నాం.

పేదవాళ్లకు చదువు విలువ తెలియదు కాబట్టే పిల్లలను పనిలో పెడతారని ఒకప్పుడు చదువుకున్నవాళ్లు గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం తప్పని రంగారెడ్డి పల్లెల్లో పనిచేసిన ఎంవీ ఫౌండేషన్ చూపించింది. ఆ పనికి, ఆ సంస్థను నడిపిన ప్రొఫెసర్ శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పిల్లను బడికి పంపాలన్న ఆశ ప్రతి ఇంట్లో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం. ఏది మంచి బడో వాళ్లకు తెలుసని మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు. ఒక గురుకులంలో ఒక తల్లి నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారని అడిగితే ‘నీకెందుకమ్మా, చదువు సంగతి అడుగు’ అన్నారు. ఆమె అడిగింది చదువు సంగతే. విరేచనాలతో వారం మంచం పట్టిన పిల్ల ఆ వారం ఏ పాఠం విన్నది?

సిబ్బంది మీద నాకు కోపం లేదు. ఆరు వందల మంది పిల్లలను రాత్రీ పగలూ కాపాడటం ఎంత బరువో దగ్గరి నుంచి చూసినవాళ్లకు తెలుస్తుంది. తన బిడ్డను పక్క ఊళ్లో తల్లి దగ్గర వదిలి ఇక్కడ వందల మంది పిల్లలకు జడలు వేయించే కేర్‌టేకర్లు ఉన్నారు. వాళ్లకూ ఈ తల్లుల కళ్లే ఆసరా. పై అధికారికి తాను రాస్తే కదలని బోరు రిపేరు, తల్లులంతా కలిసి రాస్తే కదులుతుందని ఒక టీచరమ్మ నాతోనే అన్నది.

2024 అక్టోబరులో కొందుర్గులో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులానికి శంకుస్థాపన జరిగింది. అది ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఊరే. అన్ని కులాల పిల్లలు ఒకే ప్రాంగణంలో చదువుతారట, ఎకరాల కొద్దీ స్థలంలో పెద్ద పెద్ద భవనాలు కడతారట. కట్టాలి, తొందరగా కట్టాలి. ఆ నక్షాలో తల్లులు కూర్చునే చోటు ఎక్కడుందో కూడా చూడాలి. గోడ లోపల ఒక పెద్ద నీడ, కుళాయి, ఆడవాళ్లకు బాత్రూములు ఉండాలి. ఆ ఆదివారం రెండు గంటలు వంటగది, పడకగదులు తెరిచి పెట్టాలి. వంతులవారీగా నలుగురు తల్లులు లోపల తిరిగి రావాలి. చదువు రానివాళ్లు చెబితే పదో తరగతి పిల్లే రాసే రిజిస్టరు ఒకటి గేటు కాడ ఉండాలి. రాసిన ప్రతి మాట కింద ప్రిన్సిపాల్ జవాబు, వచ్చే నెల తల్లులు వచ్చే లోపే, ఎర్ర సిరాతో ఉండాలి. కొత్త భవనాల దాకా ఆగనక్కర్లేదు. ఇప్పుడున్న గురుకులాల్లో రిజిస్టరు కొనడానికి, రెండు గంటలు తలుపు తీయడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు, వచ్చే నెల ఆదివారం నుంచే మొదలుపెట్టవచ్చు.