అరుగు మరిచిన నగరం

నవల బాగా లేకపోతే విమర్శిస్తాం. సినిమా బాగా లేకపోతే హాల్లోంచి బయట పడకముందే మొదలుపెడతాం. చీరకి అంచు కుదరకపోతే కట్టుకున్నావిడ ఎదుటే చెప్పేస్తాం. మరి కోట్లు పోసి కట్టిన ఊరిని మాత్రం "అబ్బ, ఎంత బాగుందో!" అని ఊరుకుంటాం. ఊరు కూడా ఎవరో ఒకరు కాగితం మీద గీసిందే గదా! దాని బాగోగులు చెప్పడానికి ఇంజనీరు పట్టా అక్కర్లేదు. అందులో నడిచే కాళ్ళుంటే చాలు.

నేను చెప్పబోయేది హైటెక్ సిటీ గురించి. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు గుండ్రటి సైబర్ టవర్స్‌ని ప్రారంభించేనాటికి మాదాపూర్ అంటే చాలావరకు బండరాళ్ళూ తుప్పలూను. తరవాత చుట్టూ అద్దాల మేడలు లేచాయి. 2019లో మెట్రో రైలు మార్చికి హైటెక్ సిటీ దాకా, నవంబరుకి రాయదుర్గం దాకా వచ్చింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. ఎన్ని వేలమంది ఆడపిల్లలకో ఈ చోటు సొంత జీతం ఇచ్చింది; పెళ్ళిమాట ఎత్తితే "కాస్త ఆగండి" అనే ధైర్యం ఇచ్చింది. ఆ మేలు కాదనను.

అయినా ఒక్క ప్రశ్న. ఆ మేడల మధ్య, కాఫీ కొనకుండా కాసేపు కూర్చునే చోటు ఎక్కడుంది?

విలియం వైట్ అనే అమెరికా ఆయన న్యూయార్క్ కూడళ్ళలో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ ఆగుతారో, ఎక్కడ ఆగరో ఏళ్ళ తరబడి గమనించి 1980లో పుస్తకం వేశాడు. అంత శ్రమపడి ఆయన తేల్చినదేమిటయ్యా అంటే, కూర్చోడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారట! నవ్వొస్తుంది కదూ? కాని మండుటెండలో ఆ అద్దాల గోడల ముందు నిలబడి చూడండి, నవ్వు రాదు. మన పెద్దవాళ్ళు ఏ పుస్తకమూ చదవకుండానే వీధివైపు అరుగు వేశారు. దారినపోయేవాడు మూట దించుకునేవాడు. ఆ అరుగు మీద అందరికీ చోటుండేది కాదు, కులం అడ్డొచ్చేది, అదీ నిజమే. కొత్త ఊరు కట్టేటప్పుడు ఆ తప్పు దిద్ది అరుగు ఉంచుకోవాలి. మనం అరుగు తీసేసి తప్పు ఉంచుకున్నాం. కొన్ని అపార్టుమెంట్లలో పనిమనుషులకి వేరే లిఫ్టు! అంట్లు తోమే చెయ్యి కావాలిగాని, ఆ చేతితో మీట నొక్కకూడదా?

జనానికి కూర్చునే చోటు ఎంత కరువో ఆ వంతెనే చెప్పింది. కొత్తలో వారాంతాల్లో వాహనాలు ఆపితే పిల్లాపాపలతో సహా ఊరంతా దానిమీదే వాలింది. దాటడానికి కట్టిన వంతెన పార్కయిపోయింది.

ఇక నడక. మోకాళ్ళ నొప్పుల మా పిన్ని మెట్రో దిగి, "అదుగో, ఎదురుగా మనవడి ఆఫీసు కనిపిస్తూనే ఉంది. అక్కడికెళ్ళడానికి ఆటో ఎందుకే?" అంది. ఏం చెప్పను? ఫుట్‌పాత్ ఉన్నచోట మోటారు సైకిళ్ళున్నాయి, అవి లేనిచోట ఫుట్‌పాతే లేదు. రోడ్డు దాటడమంటే చెయ్యెత్తి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడమే.

ఇది సౌకర్యం సంగతే కాదు, ఆడవాళ్ళ క్షేమం సంగతి కూడా. వీధికి చుట్టుపక్కలవాళ్ళ చూపే కాపలా అని జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే రాసింది. పూలమ్మే మనిషి, ఇడ్లీబండి, మందుల దుకాణం, వీళ్ళు మెలకువగా ఉంటే వీధి మెలకువగా ఉంటుంది. అద్దాల గోడకి కళ్ళెక్కడివి? అందులో మన మొహమే మనకి కనిపిస్తుంది. 2014లో షీ టీమ్స్ వచ్చాయి, మంచిదే. రాత్రి డ్యూటీ అమ్మాయిని క్యాబు గుమ్మం దాకా దింపుతుంది, అదీ మంచిదే. కాని ఆ క్యాబు ఆఫీసు అమ్మాయికే. అదే మేడ తుడిచిన ఆమె చీకట్లో బస్సుకోసం నిలబడాలి. ఆమెకి రక్షణ ఆ వీధే. వీధిని సరిగ్గా కడితే ఇద్దరికీ పనికొస్తుంది.

ఇదంతా బాగుచెయ్యడానికి కోట్లు అక్కర్లేదు. నీడకి వేపచెట్లు, నాలుగు బల్లలు, ఒక మంచినీళ్ళ కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి, నిదానంగా దాటనిచ్చే దీపం. ఇకముందు మేడకి నక్షా గీసేవాళ్ళెవరో గాని, ముందు వాళ్ళమ్మని వెంటబెట్టుకుని మెట్రో స్టేషను నుంచి ఆఫీసు దాకా నడిచి రావాలి. ఆవిడ ఎక్కడ ఆగి, కూర్చోడానికి చుట్టూ చూస్తుందో, అక్కడ ఒక బల్ల గీసుకోమనండి.